రాచపుండు చికిత్సలో ప్రాణవాయువు పాత్ర

మన సోలాపూరు పూర్వభాగమందలి నేతవాడలలో పొగాకును ఎరుగని యిల్లు అరుదు. మగ్గముకడ పొగాకు నమలువారు కొందరు. బీడీలు చుట్టి సంసారము నీడ్చు తల్లులు అనేకులు. కావున నోటి రాచపుండు, అనగా క్యాన్సరు, మనకు క్రొత్త మాట కాదు. దీనికి శస్త్రచికిత్స, మందులు, కిరణచికిత్స అను మూడును ముఖ్యసాధనములు. కిరణచికిత్సనే మనవారు 'కరెంటు పెట్టుట' యందురు. నోటికి, గొంతుకు అది సాధారణముగా వారమునకు ఐదు దినముల చొప్పున ఆరేడు వారములు సాగును. "ఒక్క దినముననే అంతయు ఏల యీయరాదు? ఇన్ని దినముల కూలి ఏల పోగొట్టుకొనవలెను?" అని రోగి బంధువులు అడుగుట సహజము. ఈ ప్రశ్నకు గల సమాధానములలో ప్రాణవాయువునకు సంబంధించినది ముఖ్యమైనది. దానిని తల్లిదండ్రులకు తేటతెల్లముగా వివరించుటయే మా యుద్దేశము.

దేహమందలి ప్రతి కణమునకును ప్రాణవాయువు రక్తము ద్వారానే అందును. సన్నని రక్తనాళమునుండి అది మిల్లీమీటరులో ఇంచుమించు ఆరవ వంతు దూరము మాత్రమే చొచ్చుకొని పోగలదు. దారిలోని కణములు దానిని వాడుకొనుటయే ఇందుకు కారణము. రాచపుండు కంతి త్వరగా పెరుగును గాని, దానిలోని నాళములు వంకరటింకరగా, చాలీచాలక యుండును. నల్లా నీరు వీధి మొదటి యిండ్లవారే పట్టుకొనగా చివరి యిండ్లకు అందనట్లు, నాళమునకు దూరమందున్న కణములకు ప్రాణవాయువు కొరవడును. మిక్కిలి దూరపువి చచ్చును. నడుమనున్నవి చావక, ఊపిరాడని స్థితిలోనే బ్రదికియుండును. చిక్కంతయు వీనితోనే.

కిరణములు కణములోని డి.ఎన్.ఏ. అను జీవసూత్రమును తెంచును. ప్రాణవాయువు దగ్గర నున్నచో ఆ దెబ్బ స్థిరపడును. లేనిచో, తెగిన పోగును నేతగాడు ముడివేసినట్లు, చాలవరకు మరల అతుకుకొనును. అందుచే ఊపిరాడని కణమును చంపుటకు రెండున్నర మొదలు మూడు రెట్ల కిరణములు కావలెను. చర్మమును అదిమి రక్తము తగ్గించినచో కిరణముల ప్రభావము తగ్గునని 1909లోనే ష్వార్జ్ అను వైద్యుడు గమనించెను. 1955లో ఇంగ్లండులో టామ్లిన్సన్, గ్రే అను శాస్త్రజ్ఞులు ఊపిరితిత్తుల కంతుల ముక్కలను సూక్ష్మదర్శినితో కొలిచి, పైన చెప్పిన దూరమును నిర్ధారించిరి.

మనుష్యులకు చికిత్స చేయుటకు పూర్వము గాజుపాత్రలలోని కణములమీదను, ఎలుకలమీదను పరిశోధన జరుగును. 1963లో పవర్స్, టోల్మాక్ అనువారు ఒకజాతి ఎలుక కంతిలో నూటికి ఒక్క కణమే ఊపిరాడనిదైనను, పెద్ద మోతాదునకు లొంగక నిలుచునది అదియే యని చూపిరి. 1968లో వాన్ పుటెన్, కాల్మన్ అనువారు మరియొక సంగతి తేల్చిరి: చిన్న మోతాదు తగిలి కొన్ని కణములు చచ్చిన పిమ్మట, మిగిలిన ఊపిరాడని కణములకు ప్రాణవాయువు అందసాగును. అట్లు ఊపిరి పోసికొన్న కణములు మరునాటి మోతాదునకు లొంగును. దినదినము కొద్దికొద్దిగా ఇచ్చుటలోని మర్మములలో ఇది యొకటి. ఆరోగ్యముగల కణములు కోలుకొనుటకును ఆ వ్యవధి పనికివచ్చును. నడుమ కొన్నాళ్లు మానినచో మాత్రము, మిగిలిన రోగకణములు తిరిగి పెరుగుటకు అవకాశము చిక్కును.

మందులకును ఇట్టి చిక్కే కలదు. భీమవరమున 1895లో జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపించిన పరిశోధనలనుండి వెలువడిన మెథోట్రెక్సేట్ అను మందు నేటికిని రాచపుండునకు వాడబడుచున్నది. అది రక్తముతో ప్రయాణించి, విభజన పొందు కణములను దెబ్బతీయును. ఊపిరాడని కణములు నాళమునకు దూరము. వాని విభజనయు మందము.

ఈ కణములను లొంగదీయుటకు పెక్కు యత్నములు జరిగినవి. 1955లో లండనులో చర్చిల్-డేవిడ్సన్ అను వైద్యుడు రోగిని అధికపీడనముగల ప్రాణవాయువులో నుంచి కిరణములిచ్చెను. ప్రాణవాయువునకు బదులుగా పనిచేయు మందులు తరువాత వచ్చినవి. మిసోనిడజోల్ అనునది ప్రయోగశాలలో బాగుగ పనిచేసెను గాని, రోగులలో నరములకు హాని చేసెను. నిమోరజోల్ అను మందుతో డెన్మార్కు వైద్యులు చేసిన పరీక్షాఫలితములు 1998లో వెలువడినవి: మందు తీసికొన్న గొంతు రోగులలో నూటికి 49 మందికి పుండు ఆ ప్రాంతమున అదుపులో నుండగా, తీసికొననివారిలో 33 మందికే యుండెను. తరువాత బ్రిటనులో జరిగిన మరియొక పరీక్షలో అట్టి మేలు కనబడలేదు. రక్తము పెంచు ఎరిత్రోపోయిటిన్ సూదులిచ్చినచో మేలు కలుగునని తలచిరి. 2003లో ప్రకటితమైన పరీక్షలో కీడే కనబడెను. ఎలుకకు పనిచేసినది మనుష్యునకు పనిచేయుననియు, ఊహకు సరిపడినది రోగికి మేలుచేయుననియు నమ్మరాదు.

కావున 'ప్రాణవాయువు ఎక్కించి రాచపుండు మాన్పెద' మను ప్రకటనలకు మోసపోవలదని మనవి చేయుచున్నాము. మన చేతిలోనున్న పనులు మూడు. మొదటిది, చికిత్స నడుమ ఒక్క దినమైనను వైద్యుని సెలవు లేక మానరాదు. కూలి పోవునని మానినచో అంతవరకు పడిన శ్రమ వృథా కావచ్చును. రెండవది, పొగ త్రాగుట వెంటనే విడువవలెను. పొగలోని విషవాయువు రక్తములో ప్రాణవాయువు స్థానము నాక్రమించును. చికిత్సాకాలమున పొగ మాననివారికి ఫలితము తక్కువయని 1993లో కెనడా వైద్యులు ప్రకటించిరి. మూడవది, రక్తహీనత యున్నచో సొంత వైద్యము చేయక వైద్యునికి తెలుపవలెను.

మన జిల్లాలోనే బార్శీ యందు నర్గిస్ దత్ స్మారక క్యాన్సరు ఆసుపత్రి కలదు. దేశములో మొదటి గ్రామీణ క్యాన్సరు నమోదు 1987లో బార్శీ యందే ప్రారంభమయ్యెను. నోటిలో మానని పుండుగాని, తెల్లని మచ్చగాని కనబడినచో జాగు చేయక వైద్యునికి చూపవలెను. కంతి చిన్నదైనకొలది దానిలో ఊపిరాడని కణములును తక్కువగా నుండును; చికిత్సయు సులభమగును. ఇరుగుపొరుగున చికిత్స పొందువారున్నచో, ఆ ఆరేడు వారములు వారి యింటి పని, పిల్లల సంరక్షణ తలకొంత పంచుకొనుడు. వారు చికిత్సను ముగించుటకు అది గొప్ప సాయము కాగలదు.