తొమ్మిది తొమ్మిదుల సిలికాన్

మే నెలలో విజయవాడ ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండలో ట్రైక్లోరోసిలేన్ అనే ద్రవాన్ని గిన్నెలో పోస్తే పొయ్యి అక్కర్లేకుండానే మరుగుతుంది. దాని మరుగు స్థానం 31.8 డిగ్రీలే. (ఎవరూ చేసి చూడకండి: తేమ తగిలితే ఆమ్లపు పొగ, నిప్పు తగిలితే మంట.) డాబా మీది సోలార్ ప్యానెల్ పుట్టుక ఈ అంకె మీదే ఆధారపడింది.

క్వార్ట్జ్ రాయిని బొగ్గుతో కలిపి విద్యుత్ కొలిమిలో దాదాపు 2,000 డిగ్రీల దగ్గర కాలిస్తే సిలికాన్ వస్తుంది. స్వచ్ఛత 98, 99 శాతం. పరీక్షల్లో అయితే ఊరంతా ఫ్లెక్సీలు కట్టే మార్కులు! సోలార్ సెల్‌కు మాత్రం చాలవు. వెలుతురు కదిలించిన ఎలక్ట్రాన్లను ఇనుము లాంటి మలినాలు దారిలోనే పట్టేసుకుంటాయి. కావలసింది 99.9999999 శాతం. అంటే 100 కోట్ల పరమాణువుల్లో పరాయిది ఒక్కటే.

రాయిలోంచి అంత మలినం ఏరడం కష్టం గనుక రసాయన శాస్త్రం చుట్టుదారి పట్టింది. సిలికాన్ పొడి మీదికి 300 డిగ్రీల దగ్గర హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు పంపితే ట్రైక్లోరోసిలేన్ తయారవుతుంది. లోపలి బోరాన్, ఫాస్ఫరస్ కూడా క్లోరైడ్లవుతాయి. బోరాన్‌ది 12.6 డిగ్రీలకే ఆవిరై ముందే పోతుంది. ఫాస్ఫరస్‌ది 76 దాకా మరగదు, అడుగున మిగులుతుంది. సారా బట్టీలో జరిగేదీ ఇదే. కాకపోతే ఇక్కడ కాచిందాన్నే మళ్లీ మళ్లీ కాయాలి.

ఆ శుద్ధమైన ఆవిరిని హైడ్రోజన్‌తో కలిపి, 1,100 డిగ్రీల వేడి మీదున్న సన్నని సిలికాన్ కడ్డీల మీదికి వదులుతారు. వేలెడు లావు కడ్డీ కొన్ని రోజుల్లో తొడంత అవుతుంది. కరెంటు బిల్లు మోతంతా ఇక్కడే. వెంట వచ్చే సిలికాన్ టెట్రాక్లోరైడ్ ఒకప్పుడు పెద్ద తలనొప్పి. ఇప్పుడు దాన్ని హైడ్రోజన్‌తో కలిపి తిరిగి ట్రైక్లోరోసిలేన్‌గా మారుస్తున్నారు. ప్యానెల్ చవకవడంలో దీనికి దక్కాల్సిన పేరు దక్కలేదనే నా ఫిర్యాదు.

20 ఏళ్ల కిందట ఒక్కో వాట్‌కు సుమారు 16 గ్రాముల సిలికాన్ పట్టేది, ఇప్పుడు 2 గ్రాముల చిల్లర. 3 కిలోవాట్ల ఇంటికి అప్పుడు 48 కిలోలైతే ఇప్పుడు ఏడు కిలోలు.

ఇంత కడిగాక మలినాన్ని మళ్లీ కలుపుతారు! ఏరిపారేసిన బోరానో ఫాస్ఫరసో, సుమారు 50 లక్షల పరమాణువులకు ఒకటి చొప్పున. 1954లో బెల్ ల్యాబ్స్‌లో 6 శాతం సామర్థ్యమున్న సెల్ చేసిన ముగ్గురిలో కాల్విన్ ఫుల్లర్ రసాయన శాస్త్రవేత్త. ఆయన చేయి తిరిగిన పని ఇదే.

ఆఖరున పూత. ఒట్టి సిలికాన్ తన మీద పడిన వెలుతురులో 30 శాతానికి పైగా వెనక్కి కొడుతుంది. అందుకని సిలేన్, అమోనియా వాయువులతో సిలికాన్ నైట్రైడ్ పొర వేస్తారు. మందం 75 నానోమీటర్లు, వెంట్రుకలో వెయ్యోవంతు. ఆ మందానికి ఎరుపు, పసుపు రంగులు లోపలికి పోతాయి, నీలం కాస్త తిరిగొస్తుంది. డాబా మీద మనకు కనిపించే నీలం అదే.