నాలుగింటి టీ, ఎనిమిది కప్పులు

ఇంగ్లండ్‌లోని హార్పెండెన్‌లో రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం 1843 నుంచి నడుస్తోంది. 1906లో అక్కడ వినిఫ్రెడ్ బ్రెంచ్లీ అనే వృక్షశాస్త్రవేత్త చేరారు. అంతకుముందు ల్యాబ్‌లో ఆడవాళ్లు పనిచేయడం ఎరగని పెద్దలకు ఆమె విషయంలో ఏం చేయాలో పాలుపోలేదు. టీ మాత్రం ఇవ్వకపోతే బాగుండదనుకున్నారు. ఆమె వచ్చిన రోజు నుంచే సాయంత్రం సరిగ్గా నాలుగింటికి ఒక ట్రేలో టీ, ఒక డబ్బాలో బాత్ ఆలివర్ బిస్కెట్లు వచ్చేవి. మిగతా శాస్త్రవేత్తలనూ పిలిచారు. అదే ఆనవాయితీ అయింది.

1920ల తొలినాళ్లలో ఓ సాయంత్రం గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ కప్పులో టీ పోసి, నాచు మొక్కల మీద పరిశోధించే మ్యూరియెల్ బ్రిస్టల్‌కు అందించారు. ఆమె వద్దన్నారు. ముందు పాలు, ఆ పైన టీ పోస్తేనే తనకు నచ్చుతుందన్నారు. ఏది ముందు పోసినా రుచి ఒకటేనని ఫిషర్, కాదు, తాగి చెప్పగలనని ఆమె. పక్కనే ఉన్న రసాయన శాస్త్రవేత్త విలియం రోచ్ పరీక్ష పెట్టి చూద్దామన్నారు. తర్వాతి కాలంలో బ్రిస్టల్‌ను పెళ్లి చేసుకున్నది ఆయనే.

ఫిషర్ 1935లో రాసిన పుస్తకంలో, ఆమె పేరు లేకుండా, ఈ పరీక్షకు ఏకంగా ఒక అధ్యాయం దక్కింది. మొత్తం ఎనిమిది కప్పులు. నాలుగింట్లో పాలు ముందు, నాలుగింట్లో టీ ముందు. వరుస కలిపేసి ఇస్తారు. పాలు ముందు పోసిన నాలుగూ ఏవో ఆమె ఏరాలి. ఎనిమిదిలో నాలుగింటిని 70 రకాలుగా ఏరవచ్చు, అందులో పూర్తిగా సరైనది ఒక్కటే. అంటే ఊహించి చెబితే అన్నీ ఒప్పయ్యే అవకాశం 70లో ఒక వంతు. నాలుగింట్లో ఒక్కటి తప్పినా సరే అనుకుంటే మాత్రం ఆ అవకాశం 70లో 17 వంతులకు పెరుగుతుంది, ఇక ఆ పరీక్షను నమ్మలేం. ఎన్ని కప్పులు పెట్టాలి, వరుస ఎందుకు కలపాలి అన్న ఈ ఆలోచనే ఇవాళ కొత్త మందుల పరీక్షల్లోనూ పనిచేస్తోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మే చదివిన మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1948లో కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ పట్టా పొందింది ఈ ఫిషర్ శిష్యుడిగానే.

నాచు మొక్కల మనిషి, రసాయనాల మనిషి, లెక్కల మనిషి ఒకే వేళకు ఒకేచోట కూర్చోకపోతే ఈ వాదం పుట్టేదే కాదు. మన కాలేజీల్లోనూ టీకి కొదవ లేదు. కానీ చాలాచోట్ల స్టాఫ్‌రూమ్ టీ వేరు, క్యాంటీన్ టీ వేరు. అక్కడ పంతుళ్లు, ఇక్కడ పిల్లలు. ఫిజిక్స్ వాళ్లు తెలుగు శాఖ గడప తొక్కరు. ఇది చిన్న నష్టం కాదు.

అందరూ ఒకచోట టీ తాగితే ఏం జరుగుతుందో చెప్పే కథ మరొకటి ఉంది. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీ ఉంది. అక్కడ మధ్యాహ్నం మూడింటికి అందరికీ టీ. 1972 ఏప్రిల్‌లో హ్యూ మాంట్‌గోమరీ అనే యువ గణితవేత్త అక్కడికి వచ్చారు. ఆ టీ వేళకు సర్వదమన్ చౌలా కూడా ఉన్నారు. 1930లలో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన చౌలాయే ఆయన. భౌతిక శాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్‌ను కలవమని చౌలా పట్టుబట్టారు. మాంట్‌గోమరీ మొహమాటపడినా వినలేదు, తీసుకెళ్లి పరిచయం చేశారు.

ఏం చేస్తున్నావని డైసన్ అడిగారు. ప్రధాన సంఖ్యల పంపిణీతో ముడిపడ్డ జీటా ప్రమేయం ఎక్కడెక్కడ సున్నా అవుతుందో, ఆ చోట్ల మధ్య ఎడం ఎలా ఉంటుందో చూస్తున్నానంటూ మాంట్‌గోమరీ తనకొచ్చిన సూత్రం చెప్పారు. డైసన్ వెంటనే గుర్తుపట్టారు. యురేనియం లాంటి బరువైన పరమాణు కేంద్రకాల శక్తి స్థాయిల కోసం భౌతిక శాస్త్రవేత్తలు వాడే లెక్కల్లో ఉన్నదీ అదే సూత్రం! భారతీయ శాస్త్రవేత్త మదన్‌లాల్ మెహతా రాసిన 1967 నాటి పుస్తకంలో అది ఏ పేజీలో ఉందో కూడా రాసి డైసన్ చీటీ పంపారు. 1980లలో గణితవేత్త ఆండ్రూ ఒడ్లిజ్కో కంప్యూటర్‌పై అలాంటి చోట్లు లక్షల్లో లెక్కగట్టి చూస్తే ఆ సూత్రంతో చక్కగా సరిపోయాయి. ఎందుకు సరిపోయాయన్నది మాత్రం ఇప్పటికీ నిరూపణ కాలేదు.