'హై ప్రోటీన్' అంటే నమ్మేయకండి.. 4-4-9 లెక్క చూడండి!

పీనట్ బటర్ డబ్బాల మీద 'హై ప్రోటీన్' అని పెద్దక్షరాలతో ఉంటుంది. అసలు కథ డబ్బా వెనక చిన్నక్షరాల్లో దొరుకుతుంది. మొన్న నేను చూసిన దాంట్లో 100 గ్రాములకి ప్రోటీన్ 25, కార్బోహైడ్రేట్లు 20, కొవ్వు 50 గ్రాములు ఉన్నాయి. 'నాలుగో వంతు ప్రోటీనే కదా' అనిపిస్తుంది. కానీ క్యాలరీల్లో దాని వాటా ఆరో వంతే! జిమ్‌లో చేరిన మా రూమ్మేట్ రోజూ నాలుగు స్పూన్లు లాగిస్తూ 'బరువు ఎందుకు తగ్గట్లేదురా?' అంటుంటే ఈ లెక్కే వేసి చూపించా.

మూడు గుణకారాలు చాలు

ఫార్ములా సింపుల్. ప్రోటీన్ గ్రాముకి 4 క్యాలరీలు, కార్బ్స్ గ్రాముకి 4, కొవ్వు గ్రాముకి 9. లేబుల్ మీద కిలో క్యాలరీ అని రాసేదాన్నే మనం మామూలుగా క్యాలరీ అంటాం. ఇప్పుడు ఆ డబ్బా లెక్క చూడండి: ప్రోటీన్ నుంచి 100, కార్బ్స్ నుంచి 80, కొవ్వు నుంచి ఏకంగా 450. మొత్తం 630. పీచు పూర్తిగా అరగదు కాబట్టి దానికి గ్రాముకి 2 చొప్పునే వేస్తారు. అందుకే లేబుల్ మీది అంకెకీ మన లెక్కకీ కాస్త తేడా రావచ్చు. వీకెండ్ పార్టీ బ్యాచ్ గుర్తు పెట్టుకోవాల్సిన అంకె ఇంకోటుంది.. ఆల్కహాల్ గ్రాముకి 7!

ఈ అంకెలు ఎక్కడివి?

19వ శతాబ్దం చివర్లో అమెరికన్ కెమిస్ట్ విల్బర్ అట్‌వాటర్ బృందం ఆహారాన్ని కాల్చి, వచ్చిన వేడిని కొలిచింది. మనుషుల్ని మూసిన గదిలో రోజుల తరబడి ఉంచి, ఎంత తిన్నారు, ఒంట్లోంచి ఎంత వేడి వచ్చింది అని కూడా లెక్కగట్టింది. మంటలో కాలిస్తే గ్రాము ప్రోటీన్ 5.6 క్యాలరీల దాకా ఇస్తుంది. ఒంట్లో మాత్రం అందులోని నైట్రోజన్ యూరియాగా మారి మూత్రంలో పోతుంది. దాంతోపాటు కొంత శక్తీ పోతుంది. అందుకే మనకి దక్కేది 4. కొవ్వులో ఆక్సిజన్ తక్కువ, కార్బన్, హైడ్రోజన్ ఎక్కువ. అంటే కాలడానికి సరుకు ఎక్కువ. అందుకే 9.

నాన్న ప్లేటులో..

నాన్నకి షుగర్ అని తేలాక ఇదే లెక్క ఇంట్లో పప్పన్నం మీద వేశా. 100 గ్రాముల బియ్యం, 30 గ్రాముల కందిపప్పు, రెండు టీస్పూన్ల నెయ్యి. బియ్యం 350, పప్పు 100, నెయ్యి 90.. మొత్తం సుమారు 540 క్యాలరీలు. అందులో 65 శాతం అన్నానిదే! ప్రోటీన్ చూస్తే 15 గ్రాముల లోపే. 60 కిలోల మనిషికి రోజుకి దాదాపు 50 గ్రాములు కావాలి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోజు మొత్తం క్యాలరీల్లో బియ్యం, గోధుమలు, చిరుధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. అమ్మతో మాట్లాడి బియ్యం 60 గ్రాములకి తగ్గించాం, పప్పు 60కి పెంచాం. నెయ్యి జోలికి పోలేదు. ఇప్పుడు మొత్తం 500 క్యాలరీలు. అన్నం వాటా 42 శాతానికి దిగింది, ప్రోటీన్ 18 గ్రాములకి చేరింది. పక్కన ఉడికించిన గుడ్డు పెడితే ఇంకో 6.

"ఇది అన్నమా, ప్రసాదమా?" అన్నారు నాన్న మొదటి రోజు. ముద్దపప్పులో నెయ్యి తగ్గలేదని తెలిశాక సర్దుకున్నారు. మందులు మాత్రం డాక్టర్ చెప్పినట్టే నడుస్తున్నాయి. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ సమస్య ఉంటే పప్పు పెంచే ముందు డాక్టర్‌ని అడగండి.

ఇక్కడ కొవ్వు విలన్ కాదు. గుడ్డు క్యాలరీల్లోనూ సగానికి పైగా కొవ్వువే, అయినా అది మంచి ఆహారమే. తేడా ఎక్కడంటే, కంపెనీలు గ్రాములు చూపిస్తాయి, బరువు తేల్చేది క్యాలరీలు. కాబట్టి ఏది కొన్నా ముందు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరవండి. కందిపప్పు క్యాలరీల్లో నాలుగో వంతు ప్రోటీన్ నుంచే వస్తుంది, ఆ పీనట్ బటర్ కంటే ఎక్కువే. కానీ కిరాణా కొట్లో విడిగా అమ్మే పప్పు బస్తా మీద 'హై ప్రోటీన్' అని ఎవరూ రాయరు!