వెల్డరు సర్టిఫికెట్టులో ఏం చూడాలి?

కంప్యూటర్ల మనిషికి వెల్డింగుతో పనేమిటని మీరడగవచ్చు. జొహోర్ రాష్ట్రంలో పెంగెరాంగ్ వైపు పైపుల పనులు చేసే ఒక కాంట్రాక్టరుకి వెల్డర్ల రికార్డులు కంప్యూటరుకెక్కించే పని చేశానండి. వాళ్ళలో మన శ్రీకాకుళం కుర్రాళ్ళు చాలామందే ఉన్నారు.

నా ఎమ్మెస్ పట్టా ఒకసారి వచ్చింది, ఇక పోదు. వెల్డరు సర్టిఫికెట్టు అలా కాదు. ఫలానా పద్ధతిలో, ఫలానా రకం రాడ్డుతో, ఇంత మందం పైపుని ఈ పొజిషన్లో అతికాడు అని మాత్రమే అది చెబుతుంది. 1జి అంటే అడ్డంగా ఉన్న పైపుని తిప్పుతూ ఉంటే వెల్డరు పైనుంచి అతుకుతాడు. 6జి అంటే పైపు 45 డిగ్రీల వాలులో కదలకుండా ఉంటుంది, మనిషే చుట్టూ తిరిగి అతకాలి. అలాగని 6జి అని కనబడగానే మురిసిపోకూడదు. ఆర్గాన్ వెల్డింగులో పాసైనవాడు రాడ్డు వెల్డింగులో పాసైనట్టు కాదు.

ఇంకో సంగతి. ఇక్కడ ఆయిల్, గ్యాస్ పనుల్లో ఎక్కువగా వాడే ఎ.ఎస్.ఎమ్.ఇ. కోడు తొమ్మిదో విభాగం ప్రకారం, ఒక పద్ధతిలో ఆరు నెలలు పని చెయ్యకపోతే ఆ అర్హత పోతుంది. కాగితం మీద గడువు తేదీ ఉండకపోవచ్చు. కాబట్టి సర్టిఫికెట్టుతో పాటు, ఈమధ్య ఏ పద్ధతిలో ఎప్పుడు పని చేశాడో పాత కంపెనీ సంతకం పెట్టిన రికార్డు కూడా అడగాలి. సి.ఐ.డి.బి. కార్డు చూపిస్తారు. సైటులోకి వెళ్ళాలంటే అది ఉండాల్సిందే, కానీ 6జి చెయ్యి ఉందో లేదో ఆ కార్డు చెప్పదు.

ఒకరోజు నా డేటాబేసు ఒక పేరు ఎక్కించుకోనని మొరాయించింది. ఎక్స్‌రే రిపోర్టు నంబరు, టెస్టు ముక్క నంబరు రెండూ అప్పటికే ఇంకొకరి పేరున ఉన్నాయి. వెతికితే ముగ్గురికి అవే నంబర్లు! సర్టిఫికెట్టు మీదున్న ఫోను నంబరుకి చేస్తే ఎవరో "అవునండీ, మాదే" అన్నారు. ల్యాబు అసలు నంబరు విడిగా సంపాదించి అడిగితే ఆ రిపోర్టు నాలుగో మనిషిదని తేలింది.

ముగ్గురికీ టెస్టు పెట్టారు. పాస్‌పోర్టు ఫొటోతో ముఖం సరిచూసి, ముక్క మీద నంబరు గుద్ది, మొదటి అతుకు నుంచీ ఇన్‌స్పెక్టరు పక్కనే నిలబడ్డాడు. లేకపోతే ఒకడి బదులు ఇంకొకడు అతికేస్తాడు. ఇద్దరు ఫెయిలయ్యారు. మూడో కుర్రాడి జాయింటు ఎక్స్‌రేలో శుభ్రంగా వచ్చింది. అయినా దొంగ కాగితం ఇచ్చాడని క్లయింటు ఒప్పుకోలేదు, వెనక్కి పంపేశారు. ఆ కాగితానికి ఊళ్ళో ఏజెంటుకి అరవై వేలు ఇచ్చాడట. అసలు ఆ కోడు ప్రకారం వెల్డరుకి టెస్టు పెట్టి బాధ్యత తీసుకోవాల్సింది పనిచ్చే కంపెనీయే. అంటే అతనికి ఆ కాగితం అక్కర్లేదు, చెయ్యి చాలు. ఇది నాకిప్పటికీ మింగుడుపడదు.

మీ బంధువులెవరైనా బయలుదేరుతుంటే, ఏజెంటు పేరు భారత ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూడమనండి. ఏజెంటు తీసుకోగల సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మించకూడదు. పాత కంపెనీ వదిలేముందే టెస్టు రికార్డు నకలూ, పనిచేసిన తేదీల ఉత్తరమూ సంతకంతో తీసుకోమనండి. ఏడాది తరవాత అడిగితే ఇచ్చేవాళ్ళుండరు.