నెట్‌వర్కునకు బరువు పరీక్ష

కొత్తగా కట్టిన వంతెనపై రాకపోకలను అనుమతించుటకు ముందు ఇంజనీర్లు ఇసుక నింపిన లారీలను దానిపై నిలిపి, అది ఎంత వంగినదో, బరువు తీసిన పిదప ఎంతవరకు తిరిగి లేచినదో కొలుతురు. ఆ ఇసుక ఎవరికిని అక్కరలేదు. కావలసినది దాని బరువు మాత్రమే. కంప్యూటర్లను కలుపు నెట్‌వర్కునకు కూడ ఇట్టి పరీక్ష కలదు. ఎవరికిని పనికిరాని సమాచారమును బుద్ధిపూర్వకముగా పుట్టించి, ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు పంపి, దారి ఎంత మోయగలదో తెలిసికొనుటయే ఆ పరీక్ష. దీనికై వాడు సాధనములలో ఐపెర్ఫ్ అనునది మిక్కిలి ప్రచారములో నున్నది.

పింగ్ ఉండగా మరియొకటి యేల యని మన విద్యార్థులు అడుగవచ్చును. 1983 డిసెంబరులో అమెరికా సైన్యమునకు చెందిన బాలిస్టిక్ పరిశోధనాలయమున మైక్ మూస్ అను నాయన పింగ్‌ను వ్రాసెను. అది పిలిచినచో పలుకువారున్నారా, పలుకుటకు ఎంతసేపు పట్టినది అను రెండు సంగతులనే ముఖ్యముగా చెప్పును. వీధిలో ఒక సైకిలు సులభముగా దూరి వచ్చినంత మాత్రమున అందు పెండ్లి ఊరేగింపు పట్టునని చెప్పగలమా? ఆ లోటు తీర్చుటకు మూస్, టెర్రీ స్లాటరీ కలిసి టీటీసీపీ అను సాధనమును చేసిరి. ఐపెర్ఫ్ ఆ దారిలో పుట్టినదే. అది ఉచితముగా లభించును.

దీనికి బొమ్మలు, బొత్తాములు లేవు. తెరపై ఆజ్ఞను టైపు చేసి ఎంటర్ మీట నొక్కవలెను. కావలసినవి రెండు యంత్రములు. మొదటిదానిపై ఐపెర్ఫ్ 3 అని వ్రాసి, ఖాళీ విడిచి, అడ్డగీత వెంట ఇంగ్లీషు చిన్న ఎస్ అక్షరము నుంచిన అది సర్వరై, 5201వ పోర్టు వద్ద కాచుకొని యుండును. రెండవదానిపై ఎస్‌కు బదులు సి వ్రాసి, సర్వరు చిరునామాను చేర్చవలెను. 10 సెకండ్లపాటు సమాచారము ప్రవహించును. సెకండునకొక వరుస చొప్పున వేగము తెరపై పడును. ఈ ప్రవాహము రెండవ యంత్రమునుండి సర్వరునకు పోవునది. ఎదురు దిశను కొలుచుటకు పెద్ద ఆర్ అక్షరమును చేర్చవలెను. మనము పాఠములను దింపుకొనునది ఆ దిశలోనే గనుక దీనిని మరువరాదు.

గిగాబిట్ తీగపై 941 మెగాబిట్లు మాత్రమే వచ్చినవని బెంగపడ నక్కరలేదు. తీగపై ఒక్కొక్క మూటకు 1538 బైట్ల చోటు పట్టును. అందులో చిరునామాలు, ముద్రలు, మూటల నడుమ విడువవలసిన ఎడము పోగా అసలు సరకు 1448 బైట్లు. లెక్క సరిపోయినది.

కాని గిగాబిట్ ఉండవలసిన చోట 94 వచ్చినచో అది వేరు సంగతి. గిగాబిట్ వేగమునకు తీగలోని నాలుగు జతలును కావలెను; 100 మెగాబిట్లకు రెండు జతలు చాలును. ఒక జత తెగినను, చివరి ప్లగ్గు సరిగా బిగియకున్నను యంత్రములు తమలో తాము 100 కు దిగి రాజీపడును, ఎవరికిని చెప్పవు. ఉపకార వేతనముల దరఖాస్తుకు చివరి దినమున ప్రయోగశాల అంతయు నత్తనడక నడచినచో కమిటీ పెద్దలు ఎక్కువ వేగపు కనెక్షనునకు సొమ్ము మంజూరు చేయవలెనని తలచుట సహజమే. తప్పు లోపలి తీగలో నున్నచో ఆ సొమ్ము వ్యర్థము. కావున ముందు ఒకే గదిలోని రెండు యంత్రముల నడుమ, పిదప ఆ గదికిని కళాశాల ప్రధాన స్విచ్చి నున్న గదికిని నడుమ కొలిచి, అటుపిమ్మట వెలుపలి కనెక్షను మాట ఎత్తవలెనని మా అభిప్రాయము.

దూరము కూడ వేగమును తినును. జవాబు రాకముందు 64 కిలోబైట్లకు మించి పంపరాదను నియమమున్నదనుకొందము. పోయి వచ్చుటకు 20 మిల్లీసెకండ్లు పట్టినచో, తీగ ఎంత పెద్దదైనను ఒక్క ప్రవాహము సుమారు 26 మెగాబిట్లను దాటజాలదు. పెద్ద పి అక్షరము, దాని పక్కన 4 వ్రాసిన నాలుగు ప్రవాహములు ఏకకాలమున నడచును. అప్పుడు మొత్తము పెరిగినచో కొరత తీగలో లేదని తెలియును.

మాట, చిత్రము ప్రత్యక్షముగా పోవు తరగతులకు యూడీపీ పద్ధతిలో కొలుచుట మేలు. దానికి చిన్న యు అక్షరము. ఎన్ని మూటలు దారిలో పోయినవో, రాకలో ఎంత హెచ్చుతగ్గు లున్నవో అది చూపును. ఈ పద్ధతిలో సాధనము తనంతట సెకండునకు 1 మెగాబిట్టే పంపును. అది నెట్‌వర్కు బలము కాదు. ఎక్కువ పంపవలెనన్న చిన్న బి అక్షరముతో వేగమును మనమే నిర్ణయింపవలెను.

ఆ వేగమును విచ్చలవిడిగా పెంచిన తోటివారి పని నిలిచిపోవును. ఆన్‌లైను పరీక్షల వేళ ఈ ప్రయోగము తగదు. అనుమతి లేక పరుల యంత్రములపై ఇట్టి ప్రవాహమును వదలి వాటి పనికి భంగము కలిగించుట 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 43వ సెక్షను క్రిందకు వచ్చును. కళాశాలలోనైనను ప్రయోగశాల బాధ్యుని అనుమతి పొంది, ఉదయము, మధ్యాహ్నము కొలిచిన అంకెలను వేళలతో పుస్తకమున వ్రాసికొనవలెను. పని ముగిసిన పిదప సర్వరు యంత్రము వద్దకు పోయి, కంట్రోల్ మీటతో సి నొక్కి ఐపెర్ఫ్‌ను ఆపవలెను. లేనియెడల ఆ పోర్టు తెరచియే యుండును.