అన్నదమ్ములు తీసిన జానపద చిత్రాలు

చలనచిత్ర చరిత్రలో తోబుట్టువుల జంటలు తరచుగా కనిపిస్తాయి. 1895లో పారిస్ నగరంలో టిక్కెట్టు పెట్టి కదిలే బొమ్మలు చూపిన లూమియేర్లు ఇద్దరు అన్నదమ్ములు. మాయాచిత్రాలకు ఆద్యుడైన జార్జి మెలియేస్ ఫ్రాన్సులో చిత్రాలు తీస్తూ ఉండగా, అమెరికాలో వాటి వ్యాపారాన్ని అన్న గాస్టన్ చూచుకొన్నాడు. బొంబాయిలో వాడియా సోదరులు 1935లో 'హంటర్‌వాలీ' తీసి, సాహస చిత్రాలకు ఒక బజారునే ఏర్పరచినారు. ఈ జంటలలో ఒకరి పేరు లోకానికి తెలిసినంతగా రెండవవారి పేరు తెలియకపోవడం కూడా తరచుగా జరిగినదే. మన తెలుగునాట నందమూరి సోదరుల విషయం దీనికి మంచి ఉదాహరణ. తారక రామారావుగారిని ఎరుగనివారు లేరు. ఆయన తమ్ముడు త్రివిక్రమరావుగారి పేరు చిత్రం మొదట తెరపై క్షణకాలం కనిపించి పోయేది.

రామారావుగారు 1923లో కృష్ణాజిల్లా నిమ్మకూరులో జన్మించినారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదువుకొనే రోజులలోనే మిత్రులతో కలిసి నేషనల్ ఆర్ట్ థియేటర్ అనే నాటక సమాజాన్ని నడిపినారు. ఆ మిత్రులలో కొంగర జగ్గయ్యగారు ఒకరు. ఆయన తరువాత ఢిల్లీ రేడియోలో తెలుగు వార్తలు చదివినారు గనుక, ఆ సమాజంలో మాకూ కొంత వాటా ఉన్నదని చెప్పుకొనవచ్చును. 1949లో 'మనదేశం'తో సినిమాలలో ప్రవేశించిన రామారావుగారికి 1951 నాటి 'పాతాళభైరవి' గొప్ప పేరు తెచ్చిపెట్టింది. ఆ పేరు నిలకడగా ఉండగానే సొంత సంస్థ నెలకొల్పి, దానికి పాత నాటక సమాజం పేరే పెట్టినారు. నిర్మాణ భారం తమ్ముడిది.

నిర్మాత అంటే డబ్బు పెట్టేవాడు అని సామాన్యంగా అనుకొంటాము. అది సగం మాట మాత్రమే. నటులు తీరిక ఉన్న రోజులను, స్టూడియోలో అంతస్తు ఖాళీగా ఉన్న రోజులతో పొసగించాలి. పంపిణీదారుల నుండి బయానా రాబట్టాలి. సెట్టు కట్టే వడ్రంగి మొదలు వేషాలకు బట్టలు కుట్టే దర్జీ వరకు వారం వారం కూలి ముట్టజెప్పాలి. కథానాయకుడు ఇతర సంస్థల చిత్రాలలో కూడా రేయింబవళ్ళు నటిస్తూ ఉంటే, ఈ పనులు వేరొకరు చేయక తప్పదు. ఆ వేరొకరు తోడబుట్టినవాడైతే నమ్మకం గురించి విచారం ఉండదు.

ఈ సంస్థ తొలి చిత్రాలు జానపదాలు కావు. 1953లో 'పిచ్చి పుల్లయ్య', 1954లో 'తోడు దొంగలు' తీసినారు. రెండూ సాంఘికాలే, కత్తులు లేవు, కిరీటాలు లేవు. 'తోడు దొంగలు' జాతీయ పురస్కారాలలో యోగ్యతాపత్రం పొందినది. విజ్ఞులు మెచ్చినారు గాని పెట్టెలో కాసులు అంతగా రాలలేదు. అప్పుడు సోదరులు 1955లో 'జయసింహ' అనే జానపదం తీసినారు. యోగానంద్ దర్శకుడు, అంజలీదేవి, వహీదా రెహమాన్ నాయికలు, మన తెలంగాణాకు చెందిన కాంతారావు కూడా అందులో ఉన్నారు. అది జనాన్ని విరివిగా ఆకర్షించి సంస్థను నిలబెట్టింది.

ఇది చూచి చదువుకొన్నవారు కొందరు, మంచి చిత్రానికి ఆదరణ లేదని, కత్తియుద్ధానికి ఉన్నదని వాపోవడం కద్దు. నాకు ఆ వాదం పూర్తిగా రుచించదు. కరీంనగరం, ఆదిలాబాదు ప్రాంతాలలో ఒగ్గు కథ విన్నవారికి, చిందు భాగవతం చూచినవారికి, రాజకుమారుడు అడవిపాలై తిరిగి రాజ్యం గెలుచుకోవడం పసిపిల్లల ముచ్చట కాదు. అన్యాయంగా పోయిన హక్కు తిరిగి దక్కడం గురించిన కథ అది. డేరా సినిమాలో నేలపై కూర్చున్న రైతు దానిని తన వైపు నుండి అర్థం చేసుకొన్నాడు. అయితే, 'జయసింహ' తరువాత వెలువడిన చౌకబారు అనుకరణలను సమర్థించే ఉద్దేశం నాకు లేదు.

1957లో కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వంలో 'పాండురంగ మహాత్మ్యం' వచ్చినది. ఆ పిమ్మట 1961లో విడుదలైన 'సీతారామ కల్యాణం'తో రామారావుగారు స్వయంగా దర్శకత్వం చేపట్టినారు. మొదట కె.వి. రెడ్డిగారిని కోరినారని, రామారావుగారిని రావణుడుగా ఊహించుకోలేక వారు తప్పుకొన్నారని చెబుతారు. రాముడి వేషం హరనాథ్‌కు ఇచ్చి, రావణుని పాత్ర తామే ధరించి, దర్శకుడి స్థానంలో ఏ పేరూ వేయకుండా చిత్రాన్ని విడుదల చేసినారు. పేరు కోసం పాకులాడే రంగంలో ఇది చిత్రమైన విషయమే.

ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్‌కు ఇదే తొలి చిత్రం. రావణునికి పది తలలు ఎట్లా వచ్చినవని నాడు చూచినవారందరూ అడిగినదే. అట్టతో తలలు చేసి తగిలించడం పాత నాటకాల పద్ధతి. అవి కన్ను ఆర్పవు, పెదవి కదపవు. సజీవమైన తలలు కావాలంటే ఉపాయం ఇది. కటకం ఎదుట నల్లని తెర అమర్చి, ఒక తల పట్టేంత మేర మాత్రమే తెరచి, నటుణ్ణి ఆ స్థానంలో చిత్రీకరిస్తారు. మిగిలిన ఫిల్ముకు వెలుతురు సోకదు. తరువాత చీకటిలో అదే ఫిల్మును మొదటికి త్రిప్పి, ఇంకొక మేర తెరచి, నటుణ్ణి ప్రక్కకు జరిపి మళ్ళీ తీస్తారు. ఇట్లా తల తలకు ఒక పర్యాయం. ఫిల్ము ఎన్ని చట్రాలు తిరిగినదో లెక్క తప్పకూడదు. కెమెరా రేణువంత కదలకూడదు. దీపాల వెలుగు హెచ్చుతగ్గులు కారాదు. తొమ్మిది పర్యాయాలు సరిగా వచ్చి పదవసారి తప్పితే అంతా మొదటికి రావలసినదే. దర్శకుడే నటుడు కావడం వల్ల, అన్ని గంటలు కదలకుండా నిలబడమని మరొకరిని బ్రతిమాలే అవసరం లేకపోయినది. అంతసేపు స్టూడియో అద్దె లెక్క చూచుకొన్న తమ్ముడి ఓర్పు తెరపై కనిపించదు.

ఆ మరుసటి ఏడు, 1962లో, 'గులేబకావళి కథ' విడుదలైనది. చూపు కోల్పోయిన తండ్రి కోసం కొడుకు దివ్యపుష్పాన్ని వెదకి తెచ్చే కథ ఇది. పారశీకంలో ఉన్న ఈ గాథను పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో, కలకత్తా ఫోర్టు విలియం కళాశాలలో నిహాల్‌చంద్ లాహోరీ ఉర్దూ వచనంలోకి తెచ్చినాడు. 1955లో తమిళంలో ఇదే కథను తీసిన ఆర్.ఆర్. పిక్చర్సు కూడా తోబుట్టువుల సంస్థే; నటి టి.ఆర్. రాజకుమారి, దర్శకుడు రామన్న అక్కాతమ్ముళ్ళు.

తెలుగు చిత్రానికి పాటలు వ్రాసినవారు నాటి కరీంనగరం జిల్లా, నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు. అంతవరకు సినిమా పాట వ్రాసినవారు కారు. ఉర్దూ మాధ్యమంలో పాఠశాల చదువు సాగించి, ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. చేసి, అక్కడే అధ్యాపకులైనారు. మద్రాసులో స్థిరపడిన పాటల రచయితలు ఎందరో ఉండగా, హైదరాబాదు నుండి ఒక అధ్యాపకుణ్ణి పిలిపించి, ఒకటి రెండు కాదు, చిత్రంలోని పాటలన్నీ ఆయనకే అప్పగించడం సాహసమే. పైసా పైసా లెక్కించే నిర్మాత సాధారణంగా అటువంటి సాహసానికి ఒప్పుకోడు. అన్నగారి అభిరుచికి తమ్ముడు అడ్డు చెప్పకపోవడం వల్ల తెలంగాణాకు కలిగిన లాభం ఇంతంత కాదు. జోసెఫ్, విజయా కృష్ణమూర్తి కూర్చిన ఆ సంగీతాన్ని మా శ్రోతలు ఉత్తరాల మీద ఉత్తరాలు వ్రాసి అడిగి విన్నారు. ఉర్దూ గజలు నడక, తెలుగు సమాసం గాంభీర్యం ఒకే చరణంలో ఇమడగలవని ఆ పాటలు నిరూపించినవి. నారాయణరెడ్డిగారికి తరువాత 1988 సంవత్సరపు జ్ఞానపీఠం లభించినది.

సోదరులు జానపదాల వద్దనే ఆగిపోలేదు. 1967లో 'ఉమ్మడి కుటుంబం' అనే సాంఘికం తీసినారు. ఆ పేరు పెట్టడానికి వారికంటె అర్హులు ఎవరున్నారు? 1969లో వచ్చిన 'వరకట్నం'కు రామారావుగారే దర్శకులు. అది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందినది. పద్నాలుగేళ్ళ క్రిందట సాంఘికాన్ని వదలి కత్తి పట్టిన సంస్థ, ఈసారి సాంఘికంతోనే పురస్కారమూ ఆదరణా రెండూ అందుకొన్నది. నగాయిచ్ అప్పటికే బొంబాయికి వెళ్ళి, 1967లో 'ఫర్జ్' అనే గూఢచారి చిత్రానికి దర్శకుడైనాడు. అది తెలుగులో తానే ఛాయాగ్రహణం చేసిన 'గూఢచారి 116'కు హిందీ రూపం.