వీడియో ఆటలలోని పాత్రలు: బిడ్డల మక్కువకు కారణమేమి?

వేసవి సెలవులు బడికేగాని గృహిణికి లేవు. కర్నూలులో వైశాఖమాసపు మధ్యాహ్న మెట్లుండునో యెరిగినవారికి వర్ణింప బనిలేదు. వాకిట కాలు మోపుటకు వీలుండదు. తలుపులు మూసి, నేలపై నీళ్లు చల్లి, బిడ్డలను లోపల కూర్చుండబెట్టుకొనవలసినదే. అట్లు కూర్చున్న బిడ్డ చేతికి సెల్ ఫోను వచ్చును. ఫోనులోనికి ఆట వచ్చును. ఆటలోనుండి యొక బొమ్మ బయలుదేరి బిడ్డ మనస్సులో పీట వేసికొని కూర్చుండును. ఆ బొమ్మ యెవరు, దాని గుణమేమి, మన బిడ్డకు దానిపై నంత మక్కువ యేల యని విచారించిన తల్లులు మనలో నెందరు? మేమును మొన్నటివరకు విచారింపలేదు.

పోయిన వేసవిలో మా యింట జరిగిన యొక సంగతి మా కన్నులు తెరిపించినది. ఎనిమిదవ తరగతి ముగించిన మా పెద్దవాడు తండ్రి ఫోనునుండి మున్నూరు రూపాయలు వెచ్చించి యొక చొక్కాయి కొనెను. తాను తొడుగుకొనుటకు కాదు. ఆటలోని యోధునకు తొడిగించుటకు! మా యింటివారు బడిపంతులు. నెల జీతమును లెక్కపెట్టుకొని బ్రదుకు సంసారము మాది. మేము కోపము పట్టజాలక ఫోనును బీరువాలో పెట్టి తాళము వేసితిమి. వాడు ఆ పూట సంగటి ముట్టలేదు. మరునాడు మా కోపము చల్లారిన పిదప, “అబ్బీ, ఆ బొమ్మ నీకేమగును? దానికి క్రొత్త చొక్కాయి యేల?” అని యడిగితిమి. వాడు చాలసేపు తల వంచుకొని యుండి, “ఆటలో అది నేనే కదమ్మా. పాత చొక్కాతో పోతే అందరూ నవ్వుతారు” అనెను.

ఆ మాట మమ్ము ఆ రాత్రి నిదురపోనీయలేదు. బొమ్మను జూచి “అది నేనే” యని యెట్లనుకొనగలిగెను? ఆలోచింపగా మాకు మా బాల్యమే జ్ఞప్తికి వచ్చినది. మా పుట్టినిల్లు కడప జిల్లాలో ప్రొద్దుటూరు చేరువ. అచ్చట జాతరనాటి రాత్రి తెల్లని తెర కట్టి, వెనుక దీపములు వెలిగించి తోలుబొమ్మలాట యాడుచుండిరి. రాముడు తెరపైకి వచ్చినపుడు పెద్దలు చేతులు జోడించిరి. కాని కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చినపుడు నిదురించు బిడ్డలు సైతము లేచి కూర్చుండిరి. మేము నాలుగు దినములు ఇంటిలో బంగారక్కవలె మాటలాడి అవ్వచేత మొట్టికాయలు తిన్నారము. రాముడు మ్రొక్కదగినవాడు, కేతిగాడు మనతో తగవులాడదగినవాడు. మనకంటె గొప్పవానికి నమస్కరింతుము. మనవంటి వానిని చేరదీయుదుము. ఈ కళను ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంటలో నేటికిని కాపాడుచున్న కుటుంబములు కలవు. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది.

కావున తెరమీది బొమ్మపై ప్రేమ నేటి రోగము కాదు. తెర మారినది, బొమ్మను ఆడించు చేయి మారినది. తోలుబొమ్మను తెర వెనుకనున్న కళాకారు డాడించును. వీడియో ఆటలోని బొమ్మను చూచువాడే యాడించును. ఈ యొక్క భేదములోనే రహస్యమంతయు నున్నట్లు మాకు పిమ్మట తెలియవచ్చినది.

హైదరాబాదులో ఇంజనీరింగు చదువుచున్న మా మేనల్లుడు సెలవులకు వచ్చి తన కంప్యూటరును మా నడవలో పెట్టెను. “నాయనా, లోకమంతయు మెచ్చిన పాత్రలను మొదటినుండి మాకు చూపుము” అని కోరితిమి. వాడు నవ్వి, “అత్తా, చూస్తే తెలియదు, ఆడితేనే తెలుస్తుంది” అని చెప్పి, దినమున కొకటి చొప్పున చూపెను.

మొదటి దినము చూచినది ప్యాక్-మ్యాన్. దీనిని 1980లో జపాను దేశమున నామ్కో సంస్థలో ఇవతని తోరు అను నతడు రూపొందించెను. అంతకు ముందు ఆటలశాలలలో మగవారే క్రిక్కిరిసి యుండిరట, ఆటలును యుద్ధములే. స్త్రీలును వచ్చి యాడవలెనని తలచి, యీయన యుద్ధమును విడిచి తినుటను ఇతివృత్తముగ గైకొనెను. పసుపుపచ్చని గుండ్రని మొగము, తెరచిన నోరు, అంతే. చేతులు లేవు, కాళ్లు లేవు. దారిలోని చుక్కలను తినుచు పోవుటయే వాని పని. వానిని నాలుగు దయ్యములు తరుమును. వింత యేమనగా ఆ దయ్యములలో ప్రతిదానికి వేరువేరు స్వభావము కలదు. ఎఱ్ఱనిది వెన్నంటి తరుమును. గులాబిరంగుది ముందుగ పోయి దారి కాయును. నీలిది ఎఱ్ఱనిదానితో పొత్తు కలిపినట్లు వచ్చును. నారింజరంగుది దూరమునుండి తరిమివచ్చి, దగ్గరకు రాగానే పిరికిదై మరలిపోవును. ఒక్క మాటయైన పలుకకుండ, నడకచేతనే గుణము తెలియుచున్నది. ఉమ్మడి కుటుంబములో కాపురము చేసిన వారికి ఈ నలుగురును పరిచితులే!

రెండవ దినము మారియో. 1981లో వచ్చిన “డాంకీ కాంగ్” అను ఆటలో మియమొతొ షిగెరు అను జపాను చిత్రకారుడు వీనిని సృష్టించెను. మొదట వీడు వడ్రంగి; పిమ్మట కొళాయిలు బాగుచేయువాడాయెను. వీని పుట్టుకను మనము చక్కగ గ్రహింపగలము. ఏలయన మనము ముగ్గులు పెట్టువారము. ఆ కాలపు తెరపై బొమ్మను చుక్కలతోనే కూర్చవలసియుండెను. నిలువునను అడ్డమునను సుమారు 16 చుక్కలు మాత్రమే దొరకెను. అంత స్వల్పమైన చోట నోరు దిద్దుటకు వీలులేక పెద్ద ముక్కు క్రింద మీసము పెట్టెను. జుట్టు కదలునట్లు గీయుట కష్టమై టోపీ పెట్టెను. చేతులు ఊగుట కనబడుటకై చొక్కాయికి వేరొక రంగు నిచ్చి, పైన పనివారి దుస్తులు తొడిగెను. చుక్కల కొరతయే యలంకారమైనది. నలువది యేండ్లు గడచినను ఆ టోపీ, ఆ మీసము చూచి గుర్తుపట్టని బిడ్డ యరుదు.

1985లో వచ్చిన “సూపర్ మారియో బ్రదర్స్” ఆటను మా చేతికిచ్చిరి. మేము నాలుగడుగులు నడచితిమో లేదో, పుట్టగొడుగువంటి యొక జంతువు ఎదురుగా వచ్చి తగిలెను, మారియో చచ్చెను. మరల లేచెను. ఈసారి గుంటలో పడెను. మా చిన్నది చప్పట్లు కొట్టి నవ్వెను. ఆరవసారి పడినపుడు, మూడు దినములుగ మాతో మాటలాడని పెద్దవాడు ప్రక్కగదిలోనుండి వచ్చి వెనుక నిలిచి, “అమ్మా, తొందరపడకు. అంచుదాకా పోయి దూకు” అనెను. వాడు చెప్పినట్లే చేయగా మారియో గుంట దాటెను. నిజము చెప్పవలెనన్న, వాడు దాటినట్లు కాక మేమే దాటినట్లు మా గుండె కొట్టుకొనెను. “ఆటలో అది నేనే” యని మా బిడ్డ చెప్పిన మాట యపుడు మాకు బోధపడెను.

కావ్యము చదువునపుడు నాయకుని సాహసమునకు మెచ్చుకొందుము. మన ప్రయత్నమేమియు లేదు. ఈ ఆటలో నాయకుడు మన వ్రేలు కదలినపుడే కదలును. మన తప్పుచేతనే పడును. మన పట్టుదలచేతనే లేచును. వానికి సహజముగ నున్న బలము స్వల్పము. ఆ లోటును ఆడువాడు తన శ్రమతో పూరించును. తాను శ్రమపడి పెంచిన మొక్కపై ప్రేమ యుండుట వింతయా? ఆకర్షణమునకు మూలము రూపము కాదు, శౌర్యము కాదు. పడినవానిని మనము లేవనెత్తితి మను మమకారమే.

మూడవ దినము మా చిన్నది యొక ప్రశ్న వేసెను. మారియో ఒక్కొక్క కోట దాటి పోగా, రాకుమారి వేరొక కోటలో నున్నదని చెప్పుదురు. అది విని, “ఈయమ్మను ఎప్పుడూ ఎవరో ఒకరు ఎత్తుకొని పోతుంటారు. ఈమె తనకై తాను రాలేదా?” అనెను. మేము బదులు చెప్పలేకపోతిమి. మా తండ్రిగారు మాకు చదివించిన పోతన భాగవతములో నరకాసురునిపై విల్లు పట్టిన సత్యభామ కలదు. ఆ ఘట్టము చదివిన దినము మేము పేడకళ్లెత్తుచు గూడ వెన్ను నిటారుగ నిలిపి నడచితిమి! ఆడుబిడ్డకు తెరపై తనవంటి దొకతె కనబడుట యెంత యవసరమో మేమెరుగుదుము.

మేనల్లుడు అట్టివారిని గూడ చూపెను. 1986లో వచ్చిన “మెట్రాయిడ్” ఆటలో ఉక్కుకవచము తొడిగిన యోధు డొకడు పోరాడును. ఆటను త్వరగ ముగించినవారికి కవచము తొలగి, ఆ యోధుడు సామస్ అను స్త్రీ యని తెలియును. అంతవరకు మగవాడని తలచి యాడినవారి విస్మయ మూహించుకొనుడు. నాడు కోటలో కూర్చున్న రాకుమారి పీచ్ సైతము 2024లో తన పేరిట వచ్చిన ఆటలో తానే నాయికయై ముందుకు నడచెను.

కాని మా చిన్నదాని మనస్సు దోచినది రాజి. “రాజి: యాన్ ఏన్షియంట్ ఎపిక్” అను ఈ ఆటను పూనాలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ వారు 2020లో వెలువరించిరి. రాజి సర్కసులో విద్యలు చూపి బ్రదుకు బాలిక. రాక్షసులు వచ్చి బిడ్డల నెత్తుకొనిపోవుదురు. వారిలో ఆమె తమ్ముడు గోలు ఒకడు. తమ్మునికొరకు అక్క బయలుదేరును. దుర్గాదేవి ఆమెకు త్రిశూలము ప్రసాదించును. అయినను స్తంభములను ప్రాకుట, గోడలపై పరుగెత్తుట, గాలిలో దూకుట మున్నగు పొట్టపోసికొనుటకై నేర్చిన విద్యలే యామెకు యుద్ధమున తోడ్పడును. దారిలో గోడలపై చిత్రములు దేవతల కథలు చెప్పును. శ్రీశైలము ప్రాకారముపై శిల్పములను చూచుచు ప్రదక్షిణము చేసినట్లు తోచెను. నడుమ నడుమ కథ నీడబొమ్మలాటగ నడచును. అది చూచి మా అత్తగారు జపమాల ప్రక్కన పెట్టి, “ఇది మన తోలుబొమ్మలాటే గదే!” అనిరి. చిన్నది మాత్రము కన్నార్పకుండ, “తమ్ముని కోసం అక్కే పోతాంది” అనెను.

ఇక మా పెద్దవాని చొక్కాయి సంగతి. మారియోకు నలువది యేండ్లుగ అదే టోపీ. అయినను ఎవరును నవ్వలేదు. ఒక పాత్రపై ప్రీతి దాని గుణమువలన కలుగునేని అది ఖర్చులేని ప్రీతి. వేషమువలన కలుగునేని దానికి తుదిలేదు. నేడు చొక్కాయి, రేపు కిరీటము. కొన్ని ఆటలవారు ఈ రెండవదానినే వ్యాపారముగ జేసికొనిరి. బిడ్డ “అది నేనే” యని తలచుచుండగా, పాత బట్టలతో నలుగురిలోనికి పోవు సిగ్గును వానికి పుట్టించి, ఆ సిగ్గునే విక్రయించుచున్నారు. పెండ్లికి పాతచీర కట్టుకొని పోవుటకు వెనుదీసిన మనము వాని నేమని నిందింతుము? సిగ్గుపడవలసిన పనిలేదని వానికి తెలుపుటయే మన పని.

కావున సోదరీమణులకు మా మనవి యేమనగా, ఫోను లాగికొనుటకు ముందు బిడ్డ ప్రక్కన కూర్చుండి మూడు ప్రశ్నలు వేయుడు. నీకు నచ్చిన పాత్ర యెవరు? పడినపుడు వాడేమి చేయును? వానికి బట్టలు, ఆయుధములు లేకున్నను వానిపై నీకు ప్రేమ యుండునా? ఈ మూడవదానికి వచ్చు బదులునుబట్టి ఆట యెట్టిదో మీకే తెలియును. డబ్బు చెల్లించు రహస్యసంఖ్యను మాత్రము బిడ్డలకు తెలియనీయకుడు. ఒకసారి మీరును ఆడి, మీరును పడుడు. తల్లి పడుట చూచిన బిడ్డకు తన తప్పు చెప్పుకొనుటకు ధైర్యము కలుగును.

బీరువా తాళము తీసితిమి. సాయంకాలము దీపము పెట్టిన పిదప అరగంట, అందరి యెదుట, నడవలోనే ఆట. మా పెద్దవాడు దసరాకు తాతగారిచ్చిన రూపాయలను తెచ్చి, అడుగకుండగనే తండ్రి చేతిలో పెట్టెను. రెండువందలే యుండెను, తక్కినది సంక్రాంతికి తీర్తుననెను. మా చిన్నది అట్టముక్కతో రాజి బొమ్మను కత్తిరించి, చీపురుపుల్ల గ్రుచ్చి, పాతధోవతి తెరగ కట్టి ఆడించుచున్నది. గోలు బొమ్మ యింకను తయారు కాలేదు. వానిని తానే కత్తిరించెదనని పెద్దవాడు కత్తెర వెదకుచున్నాడు.